బెల్టు టెస్టుకు నెల ముందు: పిల్లలున్న ఇంట్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు

సంక్రాంతి సెలవులు అయ్యాక, జనవరి చివరి ఆదివారం మన కరాటే క్లాసులో బెల్టు టెస్టు. బోర్డు మీద తేదీ రాసిన సాయంత్రం నుంచే తల్లిదండ్రులు అడగడం మొదలుపెట్టారు. "మాస్టారూ, మావాడు పాసవుతాడా?" "పాపకి ప్రోటీన్ పౌడర్ ఏదైనా చెప్పండి." "పండక్కి ఊరెళ్తున్నాం, పది రోజులు ప్రాక్టీస్ పోతుంది కదా, ఎలా?" ఒక్కొక్కరికీ గేటు దగ్గర నిలబడి సగం సగం చెప్పడం కన్నా, అన్నీ ఒకచోట రాస్తే మేలనిపించింది. మీ పిల్లలు వేరే ఊళ్లో, వేరే మాస్టారి దగ్గర నేర్చుకుంటున్నా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

మా దగ్గర పిల్లలు వారానికి మూడు గంటలు ఉంటారు. మిగతా వారమంతా ఇల్లు, బడి, ట్యూషన్. కాలు ఎంత ఎత్తు లేస్తోంది, పిడికిలి సరిగ్గా బిగుస్తోందా అన్నది నేను చూసుకుంటాను. రాత్రి ఎన్నింటికి పడుకున్నారు, ఏం తిన్నారు, ఏ మాట విని ఇంట్లోంచి బయల్దేరారు అన్నది మీరే చూసుకోవాలి. టెస్టులో తడబడే పిల్లల్లో చాలామందికి కటా, అంటే ఒక వరుసలో చేసే అడుగులు, అడ్డులు, పంచ్‌ల కూర్పు, బాగానే వస్తుంది. నిద్ర చాలక, భయం ఎక్కువై తడబడతారు. అందుకే ఈ నెల రోజుల పని ఇంట్లోనే ఎక్కువ.

ముందు, ఈసారి టెస్టు అవసరమా అని తేల్చుకోండి

ఫీజు కట్టేముందు మాస్టారిని పిల్లలు పక్కన లేనప్పుడు అడగండి: "మా అమ్మాయి సిద్ధంగా ఉందా?" తర్వాత పిల్లల్నీ అడగండి. ఇద్దరిలో ఎవరు వద్దన్నా ఈసారికి ఆగండి. టెస్టు మళ్లీ వస్తుంది.

కరాటేలో ఒక శైలి అయిన షోటోకాన్ నేర్పే చాలా క్లాసుల్లో పదో క్యూ, అంటే పదో మెట్టు నుంచి మొదలై ఒకటో క్యూ దాకా వెళ్తారు. ఆ తర్వాతే బ్లాక్ బెల్టు, అంటే మొదటి డాన్. మానకుండా నేర్చుకుంటే అక్కడికి చేరడానికి మామూలుగా నాలుగైదేళ్లు పడుతుంది. ఏడాదిలో బ్లాక్ బెల్టు ఇప్పిస్తామని ఎవరైనా అంటే, వాళ్లు అమ్ముతున్నది గుడ్డ ముక్క. రంగుల వరుస ఒక్కో స్కూల్లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి పక్క కాలనీ పిల్లాడి బెల్టుతో పోల్చుకుని కంగారు పడకండి.

డబ్బు సంగతి కూడా సిగ్గుపడకుండా అడగండి. టెస్టు ఫీజులో సర్టిఫికెట్, బెల్టు కలిసి ఉన్నాయా? పాస్ కాకపోతే మళ్లీ కట్టాలా? సర్టిఫికెట్ ఏ సంఘం పేరు మీద వస్తుంది? స్పోర్ట్స్ కోటాకి పనికొస్తుందని చెబితే మాట మీద నమ్మకండి. ఆ ఏడాది ప్రభుత్వ ఉత్తర్వులో కరాటే ఉందో లేదో, ఏ స్థాయి పోటీల సర్టిఫికెట్‌ని లెక్కలోకి తీసుకుంటున్నారో చూసుకోండి.

డ్రెస్ కొత్తది కొననక్కర్లేదు. పిల్లలు ఏడాదికే పొడుగవుతారు, పొట్టయిపోయిన డ్రెస్సులు ఇళ్లలో ఊరికే పడుంటాయి. మన క్లాసులో అలమార పక్కన ఒక పెట్టె పెట్టాం. పొట్టయినవి ఉతికి అందులో వేయండి, మీ పిల్లల సైజు ఉంటే తీసుకోండి. ఎవరు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు అని ఎవరూ రాసుకోరు.

రోజుకి పది నిమిషాలు, పండగ రోజుల్లో కూడా

ఇంట్లో గంటలకొద్దీ ప్రాక్టీస్ వద్దు. రోజూ పది నిమిషాలు చాలు, కానీ రోజూ ఉండాలి. నాలుగు రోజులు మానేసి ఐదో రోజు గంటసేపు చేయిస్తే మోకాళ్లు నొప్పులు తప్ప లాభం లేదు.

మీకు కరాటే రాకపోయినా పర్వాలేదు. తొలి బెల్టుల్లో ఉన్న పిల్లలు చేసే కటా హెయాన్ షోదాన్. అందులో 21 కదలికలుంటాయి. నేల మీద సుద్దతో ఒక గుర్తు పెట్టి, పిల్లల్ని దాని మీద నిలబెట్టండి. మొదట ఎడమవైపు తిరిగి చెయ్యి కిందికి దించి అడ్డుకోవాలి, దాన్నే గేదాన్ బరాయ్ అంటాం. వెంటనే ఒక అడుగు ముందుకేసి పంచ్. మధ్యలో రెండు చోట్ల గట్టిగా అరవాలి, అంటే కియాయ్. 9వ కదలిక దగ్గర ఒకటి, 17వ దగ్గర ఒకటి. అంతా అయ్యేసరికి మొదలుపెట్టిన గుర్తు మీదికో, దాని దగ్గరికో తిరిగి రావాలి. బాగా దూరంగా తేలితే అడుగుల కొలత ఎక్కడో తప్పింది. మీరు చూడాల్సినవి ఇవే: గుర్తు, రెండు అరుపులు, ముందు మోకాలు వంగి వెనక కాలు తిన్నగా ఉండటం. మిగతాది మాకు వదిలేయండి. "అలా కాదు, ఇలా" అని మీరు సరిదిద్దడం మొదలుపెడితే రెండు రోజుల్లో ఆ పది నిమిషాలు పోట్లాటగా మారతాయి.

ఈ కటాల వెనక చరిత్ర కొంచెం తెలిస్తే తల్లిదండ్రులకు తొందర తగ్గుతుందని నా నమ్మకం. జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవిలో కరాటేని బడుల్లోకి తెచ్చిన అంకో ఇతోసు, 20వ శతాబ్దం మొదట్లో బడిపిల్లల కోసం తీర్చిదిద్దిన ఐదు కటాల్లో హెయాన్ షోదాన్ ఒకటి. ఆయన శిష్యుల్లో ఒకరైన గిచిన్ ఫునకోషి 1922లో టోక్యోలో కరాటేని ప్రదర్శించి, తర్వాత జపాన్ అంతటా వ్యాపింపజేశారు. పిల్లల ఒళ్లు గట్టిపడాలి, నడవడిక కుదురుకోవాలి అని పెట్టిన చదువు ఇది. అందుకే నిదానంగా నేర్పిస్తాం.

గ్రానైట్, టైల్స్ నేల మీద సాక్సులతో చేయనివ్వకండి, జారతారు. ఉత్త కాళ్లతో, డాబా మీద అయితే ఇంకా మంచిది. ఇప్పుడు పొద్దున్నే మంచు, చలి ఉంటాయి కాబట్టి వార్మప్ ఐదు నిమిషాలు ఎక్కువ చేయించండి.

ఊరెళ్లినప్పుడు? తాతయ్య, నానమ్మ ముందు రోజుకోసారి కటా చేయించండి. వీలైతే ఆ మొదటి నాలుగు కదలికలు చిన్నాన్న పిల్లలకి నేర్పమనండి. ఇంకొకరికి చెప్పినప్పుడు తమకి ఎక్కడ రాదో పిల్లలకే తెలుస్తుంది. గాలిపటాలు ఎగరేయనివ్వండి, కానీ గాజుపొడి పూసిన మాంజా, నైలాన్ దారం ఇంట్లోకి రానివ్వకండి. వేళ్లు తెగితే పిడికిలి బిగుసుకోదు. పక్షులకీ, బైకుల మీద వెళ్లేవాళ్లకీ అది ప్రాణాంతకం.

నిద్ర, ఫోను

ఈ రాతలో ఒక్కటే పాటించగలిగితే దీన్ని పాటించండి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పదమూడు దాటినవాళ్లకి 8 నుంచి 10 గంటలు. మన ఇళ్లలో ట్యూషన్ ఎనిమిదింటికి వదలడం, తొమ్మిదిన్నరకి అన్నం, తర్వాత హోంవర్కు, ఆపైన అరగంట ఫోను. పదకొండు దాటుతుంది. పొద్దున్న ఆరింటికి వ్యాన్. అలాంటి పిల్లాడు సాయంత్రం మా దగ్గరికొచ్చి చెప్పింది మరిచిపోతే, వాడికి శ్రద్ధ లేదని నేనెలా అనగలను?

ఇలా చేసి చూడండి. పడుకునే టైము ముందు ఖాయం చేసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. తొమ్మిదిన్నరకి పడుకోవాలంటే ఎనిమిదికల్లా అన్నం, తొమ్మిదికల్లా ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్‌కి. అన్నీ అంటే అమ్మానాన్నల ఫోన్లూ. పిల్లల్ని పడుకోమని మనం మంచం మీద రీల్స్ చూస్తుంటే ఆ మాట చెల్లదు. మొదటి వారం గొడవ చేస్తారు, రెండో వారానికి అలవాటవుతుంది. టెస్టయ్యాక కూడా దీన్ని అలాగే ఉంచేయండి.

తిండి

ప్రోటీన్ పౌడర్లు వద్దు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా కండ కోసం ప్రోటీన్ సప్లిమెంట్లు వాడొద్దనే చెప్పాయి. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, పల్లీలు, శనగలు, తినేవాళ్లకి చేప. బడికెళ్లే పిల్లలకి ఇవి చాలు. రాగుల్లో కాల్షియం బియ్యం, గోధుమల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకు పైనే. పొద్దున్నే రాగిజావ, అందులో మజ్జిగ, ఎముకలు పెరిగే వయసుకి చాలా మంచిది.

సాయంత్రం క్లాసుకి గంట ముందు ఒక అరటిపండు, లేదా గుప్పెడు ఉడికించిన శనగలు, లేదా అటుకులు. బజ్జీలు, పునుగులు తినొస్తే కడుపు పట్టేసి కిక్ దగ్గరే ఆగిపోతారు. మంచినీళ్ల సీసా ప్రతి పిల్లాడికీ ఉండాలి. ఎనర్జీ డ్రింకులు పిల్లలకి ఇవ్వకండి.

పండక్కి అరిసెలు, సకినాలు తిననివ్వండి. టెస్టు ఉందని నోరు కట్టేయకండి. ముఖ్యంగా ఆడపిల్లల దగ్గర "లావయ్యావు, తగ్గాలి" అన్న మాట రానివ్వకండి. పోటీల్లో బరువు కేటగిరీ కోసం పిల్లల్ని పస్తులుంచే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. అది తప్పు. వాళ్లున్న బరువుకి ఏ కేటగిరీ వస్తే అందులోనే ఆడతారు.

మాటలు

"ఇంత డబ్బు కట్టాం." "ఎదురింటి వాడికి అప్పుడే ఆరెంజ్ వచ్చింది." "లెక్కల్లో మార్కులు రాకపోతే కరాటే మానిపించేస్తా." ఈ మూడు మాటలూ ఈ నెలంతా ఇంట్లో వినపడకూడదు. మూడోది అసలెప్పుడూ వద్దు. పిల్లలకి రోజుకి కనీసం గంటసేపు ఒళ్లు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మార్కులు తగ్గాయని అన్నం మానిపించం కదా, ఇదీ అంతే.

పదో తరగతి పిల్లల సంగతి కొంచెం చెప్పాలి. మార్చిలో పబ్లిక్ పరీక్షలని డిసెంబరులోనే మానిపిస్తున్నారు. ఎక్కువ టెన్షన్ ఉన్న ఈ మూడు నెలల్లోనే వాళ్లకి ఒంటికి చెమట పట్టడం అవసరం. టెస్టు రాయనక్కర్లేదు, వారానికి రెండు రోజులు వచ్చి వెళ్లమనండి. అంత తీరిక లేకపోతే ఒక్క రోజు. రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, ఊరికే ఏడవడం కనిపిస్తే చదువు కోసమని వదిలేయకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లో ఒక కట్టుబాటు కూడా పెట్టండి: తమ్ముడి మీద, చెల్లి మీద కరాటే చేయకూడదు. సరదాకి కూడా. చేస్తే నాకు చెప్పండి, నేను కొట్టను, తిట్టను, కూర్చోబెట్టి మాట్లాడతాను.

దెబ్బలు, నొప్పులు, నెలసరి

చీలమండ మెలికపడితే ఆడటం ఆపించి, గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాలు పెట్టి, కాలు ఎత్తులో ఉంచండి. తైలంతో గట్టిగా రుద్దకండి. వాపు ఎక్కువగా ఉన్నా, కాలు మోపలేకపోయినా ముందు ఎక్స్‌రే. నాటు కట్టు కట్టించే ఆలోచన ఉన్నా ఎక్స్‌రే తర్వాతే. పిల్లల ఎముకల చివర్లలో పెరుగుదల జరిగే మెత్తటి భాగం ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలి సరిగ్గా అతక్కపోతే ఆ ఎముక ఎదుగుదలే వంకర పోవచ్చు.

తలకి దెబ్బ తగిలితే ఆ రోజుకి ఇక ఆట లేదు. పిల్లాడు బాగున్నానన్నా, మాస్టారు పర్లేదన్నా సరే. వాంతులు, తగ్గని తలనొప్పి, మగత, మాట తడబడటం, అడిగిందే మళ్లీ అడగడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మళ్లీ క్లాసుకి డాక్టరు సరేనన్నాకే పంపండి.

నెలసరి రోజుల్లో ఆడపిల్లలు కరాటే చేయొచ్చు. చేయాలనిపిస్తే చేస్తారు, ఒంట్లో బాగోలేకపోతే కూర్చుంటారు. తెల్ల డ్రెస్ వల్ల భయపడి చాలామంది ఆ వారమంతా రావడం మానేస్తారు. లోపల నల్ల షార్ట్స్ వేసి పంపండి. మన క్లాసులో సీనియర్ అక్కల దగ్గర ప్యాడ్లు ఎప్పుడూ ఉంటాయి. కారణం చెప్పకుండా "ఈరోజు కూర్చుంటాను" అంటే చాలు, నేను అడగను.

ముందురోజు, టెస్టు రోజు

శనివారం కొత్తగా ఏమీ నేర్పకండి. కటా ఒక్కసారి చేయించి ఆపేయండి. గోళ్లు కత్తిరించండి, కాలివి కూడా. మెడలో గొలుసు, చెవి పోగులు, గాజులు, పట్టీలు, చేతికి కట్టిన తాళ్లు తీసి ఇంట్లోనే పెట్టండి. తాయెత్తు తీయకూడదనుకుంటే ముందే చెప్పండి, టేపు వేసి కప్పుతాం. డ్రెస్, బెల్టు, నీళ్లు రాత్రే సంచిలో పెట్టి, ఆ సంచి పిల్లల చేతే సర్దించండి. బెల్టు మరిచిపోతే అది వాళ్ల బాధ్యత అని తెలియాలి.

టిఫిన్ టెస్టుకి రెండు గంటల ముందు. ఇడ్లీ మేలు, పూరీ వద్దు. ముందు ఎన్నడూ తిననిది ఆ పొద్దున్న పెట్టకండి.

గ్రౌండ్‌లో మీరు గీత వెనక కూర్చోవాలి. పిల్లల్ని పేరు పెట్టి పిలవడం, సైగలు చేయడం వద్దు. వాళ్ల కళ్లు పరీక్ష పెట్టేవాళ్ల మీద ఉండాలి. ఫొటోలు తీసుకోండి, ఫ్లాష్ లేకుండా. వేరేవాళ్ల పిల్లలున్న ఫొటోలు వాళ్లని అడక్కుండా స్టేటస్‌లో పెట్టకండి. కటా మధ్యలో మరిచిపోయినవాళ్లకి మళ్లీ మొదటి నుంచి చేసే అవకాశం ఇస్తాం, అది తప్పుగా లెక్కించం.

ఫలితం వచ్చాక

పాసయితే ఇంటికి తీసుకెళ్లి పాత బెల్టుని జాగ్రత్తగా మడిచి దాచమనండి. పాస్ కాకపోతే బండి ఎక్కగానే ఏం తప్పు చేశావని అడగకండి. "ఆకలేస్తోందా? పద, ఏదైనా తిందాం" అనండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఏం సరిదిద్దుకోవాలో నేను కాగితం మీద రాసిస్తాను. దాన్ని సోమవారం దాకా తెరవకండి. మంగళవారం క్లాసుకి మాత్రం తప్పకుండా పంపండి. ఆ ఒక్క రోజు మానితే, తర్వాత రావడానికి మొహమాటపడి పూర్తిగా మానేసిన పిల్లల్ని చూశాను.

ఎక్కడైనా సరే, వీటికి ఒప్పుకోకండి

వార్షికోత్సవాల్లో పిల్లల తలల మీద పెంకులు పగలగొట్టడం, పొట్ట మీద బండరాయి పెట్టి సుత్తితో కొట్టడం, చేతుల మీదుగా బైకు పోనివ్వడం చూసే ఉంటారు. చప్పట్లు బాగా వస్తాయి. అందులో కరాటే లేదు, ప్రమాదం మాత్రం ఉంది. మీ పిల్లల పేరు అందులో ఉంటే తీయించేయండి.

కర్రతో కొట్టి నేర్పే మాస్టారు వద్దు. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది. కరాటే క్లాసుకి వేరే న్యాయం ఎందుకుండాలి?

తలుపులు మూసి, తల్లిదండ్రుల్ని చూడనివ్వని క్లాసు వద్దు. భంగిమ సరిదిద్దేటప్పుడు మోచెయ్యి, మోకాలు, భుజం తాకాల్సి వస్తుంది. అది అందరి ముందే, చెప్పి చేయాలి. మాస్టారు పిల్లలకి విడిగా మెసేజీలు పెట్టడం, ఒంటరిగా రమ్మనడం, "ఇంట్లో చెప్పకు" అనడం, వీటిలో ఏది జరిగినా అప్పుడే అడిగేయండి. నన్ను కూడా ఇదే కొలతతో కొలవండి. పిల్లలకి హాని చేసేవాళ్లలో ఎక్కువమంది తెలిసినవాళ్లే అయి ఉంటారు. అందుకే పంచ్ కన్నా ముందు నేర్పాల్సింది గట్టిగా "వద్దు" అని అరవడం, అక్కణ్నుంచి పరుగెత్తడం, నమ్మిన పెద్దవాళ్లకి చెప్పడం. వాళ్లు చెప్పినప్పుడు "నువ్వెందుకెళ్లావు" అనకండి. నమ్మండి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్, అత్యవసరమైతే 112. ఈ రెండు నంబర్లూ పిల్లలకి నోటికి వచ్చి ఉండాలి.

తల్లిదండ్రులకు కూడా ఒక బ్యాచ్

గేటు దగ్గర బండి మీద కూర్చుని గంటసేపు ఫోన్ చూసే బదులు మీరూ లోపలికి రండి. ఫిబ్రవరి మొదటి ఆదివారం నుంచి పొద్దున్న ఆరున్నరకి తల్లిదండ్రుల బ్యాచ్ మొదలుపెడుతున్నాం. పిల్లలు మన దగ్గర నేర్చుకుంటున్న తల్లిదండ్రులకు విడిగా ఫీజు లేదు. డ్రెస్ అక్కర్లేదు, వదులుగా ఉండే ప్యాంటు, టీషర్టు లేదా చుడీదార్ చాలు. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఒకసారి డాక్టర్ని అడిగి రండి. మోకాళ్ల నొప్పులుంటే మొదటి రోజే చెప్పండి, లోతుగా వంగే నిలుపులు మీకు మార్చి చెబుతాం. ఒక నీళ్ల సీసా, చిన్న తువ్వాలు తెచ్చుకోండి. పేర్లు టెస్టు రోజున గీత పక్కన బల్ల దగ్గర ఇవ్వొచ్చు.